ది బర్డ్స్ (1963 చలనచిత్రం)

‘ది బర్డ్స్’ ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో 1963లో విడుదలైన అమెరికన్ భయానక చలనచిత్రం. పక్షులు మనుషులపై మూకుమ్మడిగా దాడిచేయడం ఇందులోని ఇతివృత్తం కాగా, ఆ దాడులకు కారణం చివరిదాకా వెల్లడికాదు. దీనికి ఆధారమైన డాఫ్నీ డ్యు మారియే కథ (1952) ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో జరగగా, చిత్రంలో స్థలం కాలిఫోర్నియా తీరంలోని బొడేగా బేకు మారింది. రెస్టారెంటు సన్నివేశంలో పక్షిశాస్త్రం తెలిసిన వృద్ధురాలు వేర్వేరు జాతుల పక్షులు గుంపుకట్టవని వాదిస్తుంది, ఒక తాగుబోతు ఇది లోకాంతమంటాడు, భయపడిన ఒక తల్లి ఊరికి కొత్తగా వచ్చిన కథానాయికనే నిందిస్తుంది. చిత్రం మాత్రం ఏ వివరణనూ ధ్రువీకరించదు. కథ ముగిసినట్లు తెలిపే ‘సమాప్తం’ అన్న అక్షరాలు సైతం తెరపై కనిపించవు. సంప్రదాయ నేపథ్య సంగీతం లేని ఈ చిత్రానికి, ట్రౌటోనియం అనే తొలితరం ఎలక్ట్రానిక్ వాద్యంతో ఆస్కార్ సాలా, రెమి గాస్‌మన్ పక్షుల అరుపులను, రెక్కల చప్పుళ్లను కృత్రిమంగా రూపొందించారు.