అద్దాల తొట్టి నుంచి కాలువలోకి

1855లో విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయింది. క్రమంగా గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాలు కాలువలతో ముడిపడ్డాయి. ఈ నీటిలోని జెల్ల, వాలుగ వంటి మీసాల చేపలు మీకు తెలిసినవే. అక్వేరియం వ్యాపారం దక్షిణ అమెరికా నుంచి మరో రెండు రకాలను తెచ్చింది.

మొదటిది కోరిడోరస్. ఇది అరచేతిలో ఇమిడే సాధు చేప. వానలను తలపించేలా తొట్టిలో కొంత నీరు తీసి చల్లని నీరు పోస్తే, ఆడచేప అద్దానికి గుడ్లు అంటిస్తుంది. పెద్దచేపలు తినకుండా గుడ్లను వేరుచేస్తే, 3 నుంచి 5 రోజుల్లో పిల్లలు వస్తాయి.

రెండోది నాచు తినే సక్కర్ చేప. ఇది అడుగుకు మించి పెరుగుతుంది. తొట్టిలో పట్టక బయట వదిలిన చేపలు మన చెరువుల్లో స్థిరపడ్డాయి. అవి గట్లలో బొరియలు చేస్తాయి, గరుకైన ఒంటి పలకలతో వలలు చింపుతాయి. అందుకే రైతులు దీన్ని 'దెయ్యం చేప' అంటారు.

ఊళ్ళకు నీరిచ్చిన కాలువే ఈ చేపకూ దారి అయిందని గమనించండి. పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, కాలువలో మాత్రం వదలకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కాలువల విస్తరణ కొత్త చేపల వ్యాప్తికి ఎలా దోహదపడుతుంది?