ముద్దయీ - ముద్దాయి

మా దాదా నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. 1980ల చివర్లో గోడ తగాదాలో పక్కింటివాళ్ళు కొడితే కేసు పెట్టాడు. వాయిదా రోజు బంట్రోతు "ముద్దాయి హాజరేనా?" అని కేకేశాడు. దాదా లేచి "హాజిర్ హూఁ" అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. దెబ్బలు తిన్నది తను, ఫిర్యాదు చేసింది తను. మరి ఎందుకు నవ్వారో ఆయనకు అర్థం కాలేదు.

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. దావా, ముద్దయీ రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చాయి. ఎవరి మీద దావా పడిందో అతను ముద్దఆ అలైహ్. ఇంగ్లీషులో ప్లెయింటిఫ్, డిఫెండెంట్ ఎంత వేరో ఇవీ అంత వేరు. ఇల్జాం మోస్తున్నవాడు ముల్జిం, జుర్మ్ రుజువైనవాడు ముజ్రిం. ఇంగ్లీషు అక్యూజ్డ్‌కూ కన్విక్ట్‌కూ మధ్య ఉన్న గీత ఇక్కడా ఉంది. తెలుగులోకొచ్చేసరికి ముద్దయీ ముద్దాయి అయ్యాడు. ఫిర్యాదిగా ఉండాల్సినవాడు బోనెక్కాడు.

ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు. పొడుగాటి 'ముద్దఆ అలైహ్' జనం నోళ్ళలో నలిగి, తోక తెగి, ముద్దాయిగా మిగిలిందని నా ఊహ. ఫారసీ శతాబ్దాలపాటు కచేరీల భాష. కంపెనీ కోర్టుల్లో దాన్ని తప్పించడం 1837లో మొదలైంది. హైదరాబాదు రాజ్యంలో 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. 1918లో పుట్టిన ఉస్మానియాలో లా కూడా ఉర్దూలోనే చెప్పారు. వకీలు, జామీను, జప్తు, రాజీ, దస్తావేజు, అర్జీ - ఇవి లేకుండా తెలుగువాడు ఇవాళ్టికీ కోర్టు మెట్లెక్కలేడు. 1948 తర్వాత కోర్టు భాష మారింది. మాటలు అక్కడే ఉండిపోయాయి, వాటి అసలు అర్థం తెలిసిన మా దాదాల్లాంటివాళ్ళు మాత్రం నవ్వులపాలయ్యారు.

నవ్వుతో పోతే బాగుండేది. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్ళు తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. న్యాయం అడగాల్సింది ఎవరు? పోలీసులు పట్టుకుపోయిందెవర్ని? పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ళనే. నెలల తరబడి జైళ్ళలో ఉండి, నిర్దోషులుగా బయటికొచ్చారు. ఉర్దూ అర్థంలో ముద్దయీలు కావాల్సినవాళ్ళు తెలుగు అర్థంలో ముద్దాయిలయ్యారు.

నేను రెండు భాషల్లో వార్తలు రాస్తాను. ఉర్దూలో ముల్జిం అని రాసిన మనిషి, మర్నాడు తెలుగు హెడ్డింగులో ఏకంగా ఉగ్రవాది అయిపోవడం చూశాను. తెలుగులో మాటలు లేక కాదు. నిందితుడు ఉన్నాడు, దోషి ఉన్నాడు. మధ్యన తీర్పు అనేది ఒకటుందని గుర్తుంచుకునే ఓపిక లేదు, అంతే. పేరు చూడగానే తీర్పు అయిపోతుంది.

దాదా ఆ రోజు ఇంటికొచ్చి, "ఇకమీద ఆ మాటకి పలకను" అన్నాడు దాదీతో. నాకైతే పలకాలనే ఉంది. మమ్మల్ని ముద్దాయిలని పిలిచినప్పుడల్లా మా దాదా అర్థంలోనే లేచి నిలబడదాం. అవును, హాజరే. దావా మాది. విచారణ మొదలుపెట్టండి.