రేవులో విన్న పేరు

సోమశిల రేవు మెట్ల మీద నిలబడ్డారు మీరు. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. లలితా సోమేశ్వరాలయం వైపు నుంచి గంట ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఎదుట కృష్ణమ్మ, ఏరు అని ఎవరైనా చెప్తే తప్ప తెలియనంత వెడల్పున పరుచుకుని ఉంది. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు ఇక్కడిదాకా ఎగదన్నాయి. ఆవలి గట్టు ఆంధ్ర, ఈవలి గట్టు తెలంగాణ. హద్దు ఈ నీళ్లలోనే ఎక్కడో ఉంది, కంటికి కనపడదు.

పడవాయన మోటారు ఆన్ చేశాడు. గట్టు వెంబడి అరగంట పోయాక నీళ్ల వాసన మారుతుంది. ఎండుచేపల వాసన. ఒడ్డున టార్పాలిన్ గుడిసెలు నాలుగైదు, బోర్లించిన పుట్టి ఒకటి, రాళ్ల మీద ఆరేసిన వల.

ఆ వలను చేత్తో పట్టుకోండి. దోమతెరలాగా మెత్తగా ఉంటుంది. వేలి కొన కూడా దూరని కన్ను. అలివి వల అంటే ఇదే. వేలెడంత చేపపిల్ల కూడా తప్పించుకోదని దీన్ని నిషేధించారు. సోమశిల మత్స్యకారులు ఈ వలల మీద ఎన్నిసార్లు మొత్తుకున్నారో. ఇంత పొడవు వల లాగాలంటే పదిమంది కావాలి. ఆ పదిమందిలో ఒకడు మీ ముందు కూర్చుని చేపలు ఏరుతున్నాడు. పన్నెండేళ్లుంటాయేమో. అరచేతులు నీళ్లకు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. బొటనవేలి పక్కన చీలిక. దాన్లో ఉప్పు పడినప్పుడల్లా చెయ్యి విదిలిస్తాడు, మళ్లీ ఏరుతాడు.

"బడికి పోతలేవా?" అని అడిగారు మీరు.

"నాయన అడ్వాన్సు తీస్కున్నడు. తీరినంక పోత."

ఎంత అని అడిగితే తెలియదన్నాడు. పేరు అడిగితే చెప్పాడు. ఊరు కూడా చెప్పాడు.

మీరు విన్నారు. నేను మాత్రం ఆ రెండూ ఇక్కడ రాయను. ఇతణ్ణి ఎవరో ఒక్క పిల్లాడనుకోకండి. కొల్లాపూర్ పరిసరాల్లో కృష్ణ గట్టున చేపల వేటలో వెట్టికి చిక్కిన వాళ్లను విడిపించారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఆ పిల్లల్లో ఏ ఒక్కరి మొహమూ బయటపడకూడదనే ఇతనికి అందరి మొహాలూ కలిపి ఇచ్చాను.

మీ చెయ్యి ఫోను మీదికి పోయింది. ఒక్క ఫొటో, కింద పేరు, ఊరు, 'చూడండి ఈ దారుణం' అని ఒక వాక్యం. వాట్సాప్ గ్రూపులో వేస్తే గంటలో జిల్లా అంతా తిరుగుతుంది. మీ కోపం నిజమే. కానీ ఆ ఫొటో ముందుగా ఎవరి కంటపడుతుందో ఆలోచించండి. అడ్వాన్సు ఇచ్చినాయన కంట పడుతుంది. సాయంత్రానికల్లా ఈ గుడిసెలు ఇక్కడుండవు. పడవ అటు గట్టుకు పోతుంది, రాష్ట్రమే మారిపోతుంది. పేరు తెలిసిన పిల్లాడు ఊరు తెలియని పిల్లాడైపోతాడు.

పడవ వెనక్కి తిప్పించండి. సిగ్నల్ దొరికిన చోట 1098 కొట్టండి. రేవు నుంచి ఎంత దూరం, ఎన్ని గుడిసెలు, పిల్లాడి పేరు, వయసు, అడ్వాన్సు మాట, అన్నీ చెప్పండి. ఏదీ దాచొద్దు. ఇక్కడ దాచడమే తప్పు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఈ మాట గట్టిగానే చెప్పింది: అయినవాళ్లకు దూరమై కనిపించిన బిడ్డ సంగతి 24 గంటల్లోగా చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కో తెలపాలి. తెలపకపోవడం శిక్షార్హం.

తండ్రి అనుమతి అడగాలా అని మీకు సందేహం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు అమ్మానాన్నల సమ్మతి కావాలంటుంది కదా అని. అడ్వాన్సు తీసుకున్నదే ఆ నాయన. ఆయన సంతకం కోసం కూర్చుంటే బిడ్డ బయటికి వచ్చేదెప్పుడు? ప్రభుత్వానికి చెప్పి తీరాలని మరో చట్టం శాసించిన చోట సమ్మతి అక్కర్లేదని ఈ డేటా చట్టమే దారి విడిచింది. ఆ నాయనను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఏ అప్పు తరిమితే బిడ్డను కుదువ పెట్టాడో.

ఇప్పుడు జిల్లా కేంద్రంలో బాలల సంక్షేమ సమితి గది. పిల్లాణ్ణి విడిపించిన 24 గంటల్లోగా ఇక్కడ కూర్చోబెట్టాలి. ఫ్యాను కిర్రుమంటోంది. ఒక సభ్యురాలు బిస్కెట్ ప్యాకెట్ విప్పి అతని ముందుకు జరిపింది, ఇంకా ఏమీ అడగలేదు.

ఇక్కణ్నుంచి ఆ పేరు ఎటెటు పోతుందో చూడండి. ఆర్డీవో దగ్గరికి పోవాలి. 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టం కింద విముక్తి పత్రం పేరు లేకుండా రాదు. అడ్వాన్సు చెల్లదనడానికి ఆ పత్రమే రుజువు, 30 వేల దాకా తక్షణ సాయానికి ఆధారం. పోలీసు కేసులోకి పోవాలి. పిల్లాడిది అటు గట్టు జిల్లా అయితే కాగితాలతో సహా అక్కడి సమితికి పోవాలి. హద్దు దగ్గర ఫైలు ఆగిందంటే బిడ్డ మళ్లీ వల దగ్గరికే చేరతాడు. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ ఫైలు ఆగడమే.

బడి హెడ్మాస్టరుకు? వయసు, ఏ తరగతి దాకా చదివాడు, చేతికి మందు రాయాలా. అంతే. కేసు ఫైలు ఆయనకు అక్కర్లేదు. క్లాసులో ఎవడైనా 'వెట్టోడు' అని పిలిస్తే ఈ పిల్లాడు మర్నాడు బడికి రాడు.

తలుపు బయట ఒక విలేకరి నిలబడ్డాడు, మంచి మనిషే. 'పేరు మార్చి రాస్తా, ఊరు, బడి చెప్పండి చాలు' అంటున్నాడు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఊరునూ, బడినీ, ఆనవాలు పట్టించే ఏ వివరాన్నీ వదల్లేదు. అచ్చేస్తే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బిడ్డకు మేలని సమితే కారణాలు కాగితం మీద రాసి అనుమతిస్తే తప్ప. సభ్యురాలు లేచి వెళ్లి మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.

వారం తర్వాత మీరు మళ్లీ సోమశిల వచ్చారు. రేవు దగ్గర చాయ్ బండి. పడవాయన చెప్పాడేమో, బండి దగ్గరి అక్కకు సంగతి సగం తెలుసు. గ్లాసు చేతికిచ్చి దగ్గరికొచ్చింది. గొంతులో నిజంగానే దిగులు.

"ఆ పిలగాడు ఏమైండు సారూ? పాపం ఏ ఊరంట? ఎవరి కొడుకంట?"

పేరు మీ నాలుక చివరిదాకా వచ్చింది.

"మంచిగున్నడు అక్కా," అన్నారు మీరు. "బడికి పోతున్నడు."

ఆమె ఇంకేదో అడగబోయి, ఆగి, మీ గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది.