క్షురమును చర్మమును

మా గ్రామమగు ఎస్. రాయవరము పేరు వినగనే చదువరులకు ముందుగా స్ఫురించువారు గురజాడ అప్పారావుగారు. 1862 సెప్టెంబరు 21వ తేదీన వారు తమ మేనమామగారి యింట నిచ్చటనే జన్మించిరి. వితంతువుల శిరస్సుపై ఆచారము మోపిన కత్తిని గూర్చి ఆ తరము సంస్కర్తలు వాదించిరి, వ్రాసిరి, నిందలు పడిరి. కత్తి పోయిన పిమ్మట మిగులు చర్మమును గూర్చి మాత్రము మన యిండ్లలో నేటికిని ఎవరును నోరు విప్పి మాటాడరు. ఈ వ్యాసమునకు కారణ మా మౌనమే.

గత వేసవిలో మా పూర్వ విద్యార్థిని యొకతె, డిగ్రీ చదువుచున్నది, పది దినములు గడప దాటలేదు. ఎండదెబ్బ యనిరి. తరువాత నామె తల్లి మా గృహిణితో రహస్యముగా చెప్పిన సంగతి వేరు. ఆ పిల్ల తమ్ముని పాత బ్లేడుతో, నీరైనను తడుపక, చంకలలోని రోమములను గీచికొన్నది. మరునాడు మంట, మూడవనాడు పొక్కులు, వారము తిరుగకుండ రెండు సెగగడ్డలు. సిగ్గుచే నెవరికిని చెప్పక పసుపును సున్నమును కలిపి పట్టించినది. సున్నము చర్మమును కాల్చినది. చేయి పైకెత్తలేక యేడ్చుచున్నప్పుడు గాని తల్లికి తెలియలేదు.

ఇంతటి చిన్న విషయమునకు చరిత్ర యేమి యని కొందరడుగవచ్చును. మన పూర్వులు దీనిని చిన్న విషయముగా నెంచలేదు. ఆశ్వలాయన గృహ్యసూత్రమున చౌలకర్మ విధానము చూడుడు. చల్లని నీటిలో వేడినీరు కలిపి, వెన్ననో పెరుగునో చేర్చి, బిడ్డ తలను తడుపవలెనట. పిమ్మట క్షురమును సంబోధించి, వీనిని హింసింపకుమని ప్రార్థింపవలెనట. మంత్రార్థ మట్లుంచి, అందలి పని చూచిన నేటి చర్మవైద్యుడు కూడ మొదట చెప్పున దదియే. వేడినీట నానిన రోమము నీరు పీల్చి మెత్తబడును, తక్కువ బలముతో తెగును. వెన్నయు పెరుగును చేసిన పనినే నేడు సబ్బు నురుగు చేయుచున్నది. పురోహితుడు మంత్రము మరువలేదు గాని, మన మా గోరువెచ్చని నీటిని మరచితిమి.

చరకుడు పక్షమునకు ముమ్మారు కేశశ్మశ్రునఖములను తీయింపుమనెను. సుశ్రుతుడు వ్రణచికిత్సలో, గాయము చుట్టు నున్న రోమములు మానుటకు అడ్డువచ్చినచో కత్తితోనో కత్తెరతోనో పట్టకారుతోనో తొలగింపుమని చెప్పి, కత్తి యక్కరలేని లేపన మొకటి కూడ నిచ్చెను. శంఖచూర్ణము రెండు పాళ్లు, హరితాళ మొకపాలు, పులిసిన ద్రవముతో నూరవలెను. హరితాళమన పాషాణ సంబంధమైన విషము. కావున నెవరును దీనిని ప్రయత్నింపరాదు. తురుష్కదేశపు స్నానశాలలలో వాడిన రోమనాశక చూర్ణమును హరితాళము, సున్నములతోడనే చేసెడివారు. నేడు దుకాణములలో దొరకు లేపనములలో విషమునకు బదులు థయోగ్లైకోలేటు లవణములున్నవి. అవియు క్షారములే, చెప్పిన నిమిషములు మించినచో చర్మమును కాల్చును. ముంజేతిపై కొంచెము పూసి ఒకదినము చూచి కాని వాడుట మంచిది కాదు.

ఈ విద్య మన గ్రామములలో ఎవరి చేతిలో నుండెను? నాయీబ్రాహ్మణుల చేతిలో. క్షౌరము వారి వృత్తిలో నొక భాగము మాత్రమే. సెగగడ్డలు కోసినవారు వారు, మందులిచ్చినవారు వారు, మంత్రసానులై పురుడు పోసినవారు వారి స్త్రీలు. పెండ్లి పందిట సన్నాయి యూదినవారును వారే. కత్తిని సానపట్టి, తోలుపై తీడి, తడిపిన చర్మముపై పటికముక్క రుద్దుట వారికి తెలిసిన శాస్త్రము. పటిక చిన్న గాట్ల రక్తమును కట్టును, సూక్ష్మజీవులను కొంత అణచును. ఇంత యుపకారము పొంది, ప్రొద్దున వారి మొగము చూడరాదని చెప్పుకొన్న సంఘము మనది.

వితంతువుల సంగతికి వత్తము. మా నాయనమ్మగారు తమ అత్తగారిని గూర్చి చెప్పినది మాకు జ్ఞాపకమున్నది. తెల్లవారకముందు పెరటిలో, గోడవైపు తిరిగి కూర్చుండి, ఆమె తల యొప్పగించెడిదట. ఎండకాలమున తలయంతయు చెమటపొక్కులును కత్తిగాట్లును. మందు పెట్టుకొనుట కూడ అలంకారమగునేమో యని భయపడి, ఎవరును చూడకుండ మజ్జిగగుడ్డ వేసికొనెడిదట. శిరోముండనమున అవమానమే మనము తలచుదుము. నెలనెలకు వచ్చు నీ మంటను తలచినవారెందరు? 1856లో వితంతు వివాహ శాసనము వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. 1890లో బొంబాయిలో మంగలులు సభచేసి, ఇకమీద వితంతువుల తలలు గొరగమని నిశ్చయించుకొనిరి. మాకు ఈ మూడవదే మిక్కిలి ఆశ్చర్యకరముగా తోచును. కూలి పోగొట్టుకొని కత్తి క్రింద పెట్టినవారు శాస్త్రపండితులు కారు.

ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో జిల్లెట్టు అనునతడు పారవేయదగిన పలుచని బ్లేడును అమ్మకమునకు తెచ్చెను. అంతటితో క్షౌరము పెరటి నుండి స్నానపుగదికి చేరినది. క్రమముగా గడ్డము నుండి దేహమంతటికి వ్యాపించినది. కత్తి చేతికి వచ్చినది గాని కత్తితో నుండిన విద్య రాలేదు. దాని ఫలితమే మేము పైన చెప్పిన చంక.

పొక్కులెట్లు పుట్టునో చెప్పెదము. చర్మమును లాగిపట్టి ఎదురు గీచినచో రోమము చర్మపు మట్టమునకు దిగువనే తెగును. తెగిన కొన ముల్లువలె వాడియై యుండును. ఉంగరములు తిరుగు జుట్టుగలవారిలో ఆ కొన వంగి మరల చర్మములో గ్రుచ్చుకొనును. దేహము దానిని ముల్లుగానే యెంచి యెఱ్ఱబారి వాచును. అమెరికా సైన్యమున నల్లజాతి సైనికులనేకులు ఈ బాధచే గడ్డము గీయకుండుటకు వైద్యుని చీటీ తెచ్చుకొనవలసి వచ్చెడిది. చంకలును గజ్జలును దీనికి మఱింత అనువైన చోట్లు. అచట చెమటయు రాపిడియు కలియును.

కావున పొడిచర్మముపై కత్తి పెట్టరాదు. స్నానము చివర, వెచ్చని నీట కొన్ని నిమిషములు నానిన పిదప, నురుగు పట్టించి, క్రొత్త బ్లేడుతో, రోమము పెరుగు దిక్కుననే, తేలికగా గీయవలెను. ఒకేచోట పదేపదే గీయరాదు. నున్నదనమునకు ఆశపడుటయే రోగమునకు మూలము. పిమ్మట చల్లని నీరు, వాసనలేని మెత్తని లేపనము, వదులైన నూలుబట్ట. అత్తరులు ఆనాడు వలదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చినవారు గుండుకు చందనము పూసికొనుట చూచియే యుందురు. చల్లదనమునకు అది మేలే, గాట్లు లేనప్పుడు.

పొక్కులు వచ్చినచో కొన్ని వారములు కత్తి మానవలెను. వెచ్చని తడిగుడ్డ కాపడము పెట్టవలెను. గుండుసూదితో పొడిచి రోమము లాగరాదు. మంట మిక్కుటమైన ఒక శాతపు హైడ్రోకార్టిసోను కొన్ని దినములు చాలును. ఇచట నొక హెచ్చరిక. మందుల దుకాణమున అడిగినంతనే యిచ్చు తీవ్రమైన స్టెరాయిడు మిశ్రమములు గజ్జల చర్మమును పలుచన చేయును. అసలు వ్యాధి తామరయైనచో దానిని ముదురబెట్టును. వైద్యుని చీటీ లేనిదే ఇట్టి మందులమ్మరాదని 2018లో ప్రభుత్వము ఉత్తరువు చేసినను దుకాణదారులలో పాటించువారు కొందరే. చీము, జ్వరము, వ్యాపించు ఎఱ్ఱదనము కనబడినచో ఆస్పత్రికి పోవలెను. గడ్డలు మాటిమాటికి వచ్చువారు రక్తమున చక్కెర పరీక్షింపించుకొనవలెను. తమ్ముని బ్లేడు అక్క, భర్త బ్లేడు భార్య వాడరాదు. హెపటైటిస్ బి క్రిమి దేహము వెలుపల ఏడు దినములైనను బ్రతికి యుండగలదు.

అసలు గీయవలెనా? ఈ ప్రశ్నకు వైద్యశాలలే విచిత్రమైన సమాధానమిచ్చినవి. శస్త్రచికిత్సకు ముందు కత్తితో గొరుగుట పరిశుభ్రతయని బహుకాలము నమ్మిరి. 1971లో ప్రకటితమైన యొక పరిశీలనలో గొరిగినవారిలో నూటికి 5.6 మందికి గాయము చీముపట్టగా, గొరుగనివారిలోను లేపనము వాడినవారిలోను 0.6 మందికే పట్టినది. ప్రసవమునకు ముందు స్త్రీలకు రోమములు తీయుట అలవాటుగా చేయవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పినది. రోమము మాలిన్యము కాదు. తీసికొనుట తీసికొనకుండుట ఎవరి యిష్టము వారిది. ఒకనాడు వితంతువునకు లేనిదా యిష్టమే.

మా విద్యార్థినిని మా గృహిణి ఆస్పత్రికి తోడ్కొని పోయినది. వైద్యురాలు ఒక గడ్డ కోసి, మందులిచ్చి, రెండు నెలలు కత్తి ముట్టవలదనెను. తిరిగి వచ్చునప్పుడు ఆ పిల్ల, ఇది తనకు బడిలో నెవరును చెప్పలేదేమని అడిగినదట. ఆమెకు తొమ్మిదవ తరగతిలో దేహధర్మములు బోధించినవారము మేమే.