కంచెకు కట్టిన పలక

నేరస్థుడు పుట్టడు, తయారు చేస్తే తయారవుతాడు. ఈ మాట అభ్యుదయ సాహిత్యంలో మనం ఎన్నిసార్లో చదివాం, రాశాం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, బాత్ అనే పల్లెలో, కాలిపోయిన ఒక పొలం కంచెకు కట్టిన పలక మీద కూడా ఇదే అర్థమొచ్చే మాట వుండింది. రాసినవాడు ఆండ్రూ కీహో అనే రైతు. 1927 మే 18న వాడు తన ఇంటినీ, ఊరి బడినీ పేల్చేశాడు. 38 మంది పిల్లలు చనిపోయారు.

అక్కడ అంతకుముందున్నవి ఒంటిగది బడులు. వాటిని మూసి, 1922లో అందరికీ కలిపి ఒక పెద్ద బడి పెట్టారు. ఖర్చు ఆస్తిపన్ను మీద పడింది. కీహో మండిపడ్డాడు, బడి బోర్డులో చేరి కోశాధికారి అయ్యాడు, 1926లో స్థానిక ఎన్నికల్లో ఓడిపోయాడు. పొలం తాకట్టులో వుంది.

ఇక్కడ ఆపితే మనకు కావలసిన కథ సిద్ధం: పన్నుల కింద నలిగిన రైతు, తిరుగుబాటు! నేనొప్పుకోను. వాడకుండా పడివున్న సామాను అమ్ముకున్నా ఆ తాకట్టు బాకీ తీరేదని తర్వాత లెక్క తేలింది. పైగా ఆ పన్ను కట్టింది వాడొక్కడేనా? చచ్చిపోయిన పిల్లల తండ్రులూ కట్టారు. వాళ్లలోనూ రైతులున్నారు. పిల్లల్లేని కీహోకి, పరాయి పిల్లల చదువుకి తను డబ్బివ్వడమే అన్యాయంగా తోచింది. దీన్ని వర్గ చైతన్యమంటే ఆ మాటకే అవమానం.

సమాజం బాధ్యత లేదనను. మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిన పేలుడు సరుకును, పైరోటాల్ పేరుతో, చెట్ల మొద్దులు పెకలించుకోమని రైతులకు చవగ్గా అమ్మారు. కీహో దాన్ని డైనమైటుతో కలిపి బడి కింద చేర్చాడు. కరెంటు పని తెలిసినవాడని బడి మరమ్మతులు వాడికే అప్పగించేవారు. దక్షిణ భాగం కింద పేలకుండా మిగిలిందే సుమారు 500 పౌన్లు. కడుపు మంట ఇంత తీరిగ్గా పనిచేస్తుందా? భార్యను ముందే చంపాడు. పిల్లల్ని శిథిలాల్లోంచి లాగుతుంటే ట్రక్కులో వచ్చి దాన్నీ పేల్చాడు. తనతోపాటు బడి సూపరింటెండెంటు ఎమరీ హైక్‌నీ, మరికొందరినీ చంపాడు. వాడు కాక మొత్తం 44 మంది పోయారు.

మనం ఎత్తి రాసుకునేది పలక మీది మాట. అది హంతకుడు తన తరఫున తను రాసుకున్న వాదన. దాన్నే చరిత్ర తీర్పుగా తీసుకునే విమర్శకుడు ఆ ఊరివాళ్లను ఒక్క మాటైనా అడగడు.

మూడు రోజులకే లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటి పారిస్‌లో దిగాడు, పత్రికలు అటు తిరిగాయి. బాత్‌లో ఆ సెప్టెంబరులోనే బడి మళ్లీ మొదలైంది. ఊరి హాళ్లలో, రెండు దుకాణాల భవనాల్లో పిల్లలు పాఠాలు చదువుకున్నారు.