వెర్నాజ్జా కొండత్రోవ

ఇటలీదేశపు వాయవ్యతీరమున, లిగూరియా మండలములో, చింక్వె తెర్రె యని పేరుపడిన పల్లెలు ఐదు గలవు. ఆ పేరునకు 'ఐదు భూములు' అని యర్థము. అచ్చట కొండలు నిట్టనిలువుగా కడలిలోనికి దిగియున్నవి. 1874లో జెనోవానుండి లా స్పెజియాకు రైలుమార్గము పూర్తియగువరకు పొరుగూరికి పోవలెనన్న నావయైన నెక్కవలెను, కొండయైన నెక్కవలెను. నాటి కాలిబాటలే నేడు దేశదేశముల యాత్రికుల నాకర్షించుచున్నవి.

పడమటి కొననున్న మొంతెరొస్సొనుండి వెర్నాజ్జాకు నడచువాడు ద్రాక్షతోటల నడుమ, నిమ్మతోటల నడుమ వందలకొలది రాతిమెట్లు ఎక్కి దిగవలెను. కడపటి మలుపున ఊరు ఒక్కమారుగ కానవచ్చును: చిన్న రేవు, అలల యంచున 1318 నాటికే వెలసియున్న సాంత మార్గెరీత దేవాలయము, రాతికొమ్ముపై కావలిబురుజు. ఈ పల్లె పేరు 1080వ సంవత్సరపు పత్రమునందే కనబడుచున్నది. ఐదూళ్లలో సహజమైన రేవు దీనికొక్కదానికే కలదు. పదుమూడవ శతాబ్దమున ఇది జెనోవా నగరరాజ్యమునకు లోబడినది.

దీనిని బెస్తపల్లె యని యాత్రికులు వాడుకగా చెప్పుదురు. అది యసత్యము కాదు. ఈ తీరపు ఉప్పునెత్తళ్లు నేటికిని పేరుపొందినవే. అయినను ఈ జనులకు కూడుపెట్టుటలో వలకంటె పలుగుపారల పాలే యెక్కువ. చదునైన నేల జానెడైనను లేని కొండను మెట్లుమెట్లుగా తొలిచి, మెట్టుమెట్టునకు సున్నము తగులని రాతిగోడ పేర్చి, మన్ను నింపి, ద్రాక్ష నాటిరి. స్త్రీలు పండ్లతట్టలు నెత్తిన నిడుకొని ఆ మెట్లమీదుగనే మోసిరి. తరతరములు శతాబ్దములపాటు చేసిన పని యిది. బురుజు కట్టించిన ప్రభువులకు చరిత్రగ్రంథములలో చోటు దొరకినది. ఈ గోడలు పేర్చినవారి పేర్లు మనకు మిగులలేదు.

సున్నములేని గోడకు గుణమొకటి కలదు. వాననీరు రాళ్ల సందులనుండి జారిపోవును, మన్ను నిలుచును. అయితే ఒరిగిన రాతిని ఏటేట సరిచేయుచుండవలెను. 1869లో లా స్పెజియాలో నౌకాదళపు కర్మాగారము వెలసినది. పిదప రైలు వచ్చినది. పడుచువారు జీతములకై కొండ దిగిపోయిరి. ఇరువదవ శతాబ్దమున కొండమళ్లు పెక్కు బీడుపడినవి.

2011 అక్టోబరు 25వ తేదీన కుండపోతగా వాన కురిసెను. చరియలు విరిగి రాళ్లు, మన్ను, మ్రాకులు వాగువెంట దొరలివచ్చి వెర్నాజ్జా నడివీధిని పూడ్చివైచినవి. ఊరివారు ముగ్గురు మృతినొందిరి. వాగును కప్పి దానిపై వీధి వేసియుండుట యొక కారణము. సాగుమానిన మళ్లే చరియలకు మిక్కిలి లోనగునని శాస్త్రజ్ఞులు పరిశీలించి తేల్చిరి. 1997లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించి, 1999లో జాతీయోద్యానవనముగా ఏర్పడిన తావునకు పట్టిన గతి యిది!

ఊరివారు బురద నెత్తి, ఇండ్లు బాగుచేసికొని, త్రోవలు మరల తెరచిరి. 2018లో ఈ రాతిగోడలు పేర్చు విద్యను ఇటలీతో కూడ ఎనిమిది దేశముల వారసత్వముగా యునెస్కో అంగీకరించినది. పూర్వులను పొగడినంతమాత్రమున వారి ఋణము తీరునని తలచువారు ఏ దేశమునందైన కలరు. అట్టివారు ఈ త్రోవను నడచునపుడు, తాము పాదము మోపిన మెట్టును మొన్నటి వానల పిమ్మట ఎవరో సరిచేసియుండిరని గమనింతురుగాక.