నోరు విప్పాల్సిన రాత్రి

థియేటర్ బల్ల వీపుకి చల్లగా తగులుతోంది. మీ బరువు 138 కిలోలు, బీఎంఐ 50. తొడల మీదుగా పట్టీలు బిగిస్తున్నారు. రెండు వారాలుగా తాగిన ప్రోటీన్ పొడి రుచి ఇంకా నాలుక మీదే ఉంది. కాలేయంలో కొవ్వు తగ్గి అది కాస్త కుంచించుకుపోతేనే, దాని చాటున ఉన్న జీర్ణాశయానికి దారి దొరుకుతుంది. అందుకే ఆ పథ్యం.

ముఖం మీద మాస్కు పెట్టారు. "గట్టిగా ఊపిరి పీల్చండి." కళ్లు మూతలు పడుతుంటే పిన్ని మాట గుర్తొస్తుంది: "ఆపరేషనెందుకు? నోరు కట్టుకుంటే చాలదూ!"

కట్టుకున్నారు. ఎన్నిసార్లో. బరువు తగ్గిన ప్రతిసారీ శరీరం కరువొచ్చిందనుకుంది. ఆకలి పెంచింది, శక్తి ఖర్చు తగ్గించింది. పోయిన కిలోలన్నీ తిరిగొచ్చాయి.

మెలకువ వస్తుంది. పొట్ట మీద అయిదు చిన్న గాట్లు. లోపల ఏం చేశారో డాక్టర్ ముందే కాగితం మీద గీసి చూపించారు. స్టేప్లర్‌తో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, మూసి, అరటిపండులాంటి సన్నని గొట్టం మిగిల్చారు. దాదాపు 80 శాతం తీసేశారు. పేరు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. కడుపు ఖాళీ. అయినా ఆకలి లేదు. ఈ నిశ్శబ్దం మీకు కొత్త.

సాయంత్రం నర్సు వచ్చి లేపుతుంది. "నడవాలండీ." కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. సెలైన్ స్టాండు పట్టుకుని పది అడుగులు వేస్తారు. 30 మిల్లీలీటర్ల నీళ్లు. గుక్కకీ గుక్కకీ మధ్య ఆగాలి.

ఆరో రోజు. ఇల్లు. రాత్రి రెండు గంటలు.

గుండె దడతో లేచి కూర్చుంటారు. దిండు చెమటతో తడిసింది. వేలికి ఆక్సీమీటరు పెడతారు. నాడి 118. నొప్పి పొట్టలో లేదు, ఎడమ భుజంలో ఉంది. భుజంలో ఎందుకు? జీర్ణాశయం పైకొస నుంచి ఏదైనా కారి డయాఫ్రమ్‌కు తగిలితే, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

అమ్మ లేచింది. "గ్యాసై ఉంటుంది నాన్నా. వాము నీళ్లు కాచనా? తెల్లారాక చూద్దాంలే."

డిశ్చార్జి కాగితం బల్ల మీదే ఉంది. నాడి 120 దాటితే వెంటనే రావాలి.

122.

నోరు రావట్లేదు. ఇన్నేళ్లూ మాటలు పడ్డారు. ఇప్పుడు ఇంటిల్లిపాదినీ లేపాలా? తీరా గ్యాసే అయితే?

124. వణుకు.

ఫోను చేతిలో ఉంది.

126.

నొక్కుతారు.

"డాక్టర్‌గారూ, నాడి 126. ఎడమ భుజం నొప్పి."

"ఏమీ తాగొద్దు. బయల్దేరండి."

ఆసుపత్రిలో, స్కాన్‌లో కనిపించే మందు గుక్కెడు తాగించి సీటీ తీస్తారు. స్టేపుల్ చేసిన అంచు పైకొసన, లోపల ఉండాల్సిన మందు తెల్లటి చారలా బయటికి వచ్చింది. లీకు. వందలో ఒకరిద్దరికి వస్తుందన్నారు. ఆ ఒకరు మీరే. మళ్లీ థియేటర్. లోపల కడుగుతారు. చెడు నీరు బయటికి పోయేందుకు ట్యూబు పెడతారు. యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు. మానడానికి వారాలు పడుతుంది. కానీ మానుతుంది, సమయానికి వచ్చారు కాబట్టి.

ఏడాది గడిచింది. తూకం 98 చూపిస్తోంది. వంగి మీ చెప్పుల పట్టీ మీరే పెట్టుకుంటున్నారు. విటమిన్ బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి. రక్తపరీక్షలు మానకూడదు. తిండి మీద శ్రద్ధ తప్పితే బరువు మళ్లీ రావచ్చు. ఇది దొడ్డిదారి కాదు. ఒక మొండి జబ్బుకు వైద్యం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్‌కు సిద్ధపడితే, నోరు కట్టుకోమని చెప్పకండి. అర్ధరాత్రి వాళ్లు నోరు విప్పితే, తెల్లారేదాకా ఆగమనకండి. బండి తీయండి.